మా అత్తయ్య క్షమించిందట!

క్షమించారట! విన్నారా అత్తయ్యా? మీరు! నన్ను!

తెలీక అడుగుతాను, క్షమించడానికి నేనేం చేశానండీ? మీ కంచంలో మట్టి పోశానా? మీ గొంతు పిసికానా? నా మానాన నేను చెక్క తల ముందు కూచుని, విగ్గు వలకి వెంట్రుకలు ముడేసుకుంటూ బతుకుతున్నదాన్ని. అలాంటిదాన్ని ఆదివారం పూట లాక్కెళ్ళి, ముక్కూ మొహం తెలియని పాతికమంది మధ్య కూచోబెట్టి, "మీ అత్తగారు మిమ్మల్ని క్షమించేశారమ్మా" అన్నాడు ఆత్మల్ని పిలిచే ఆ వెన్నపూస. అందరూ చప్పట్లు కొట్టారు. ఒట్టు! చప్పట్లు! చిన్నపిల్ల బడిలో పద్యం తప్పుల్లేకుండా అప్పజెప్పినట్టు!

ఏం, పలకరేం?

ఊఁ. ఇవాళా అంతేనన్నమాట.

చూశారా, ఇదీ నా ఏడుపు. ఆ వెన్నపూస ఏం వాగినా నాకు లెక్కలేదు. వాగడం వాడి వృత్తి. కానీ ఆ రోజు నుంచి మీరు నోరు విప్పట్లేదు. ఒక్క తిట్టు లేదు. ఒక్క విసురు లేదు. కనీసం ఆ దిక్కుమాలిన నిట్టూర్పయినా లేదు.

అందరూ మీరు పోయారు పోయారంటున్నారు గానీ, నాకు మాత్రం మీరెక్కడికీ పోలేదు. మిమ్మల్ని సాగనంపి వచ్చిన మర్నాడే ఈ గది తలుపు తీశాను. లైటు వేసుకుని, కొక్కెం సూది చేతిలోకి తీసుకున్నానో లేదో, ఎడమ చెవి పక్కన మొదలు. "ఆ పట్టుకోవడం ఏంటే మొద్దు వేళ్ళదానా, అది సూదా, గునపమా?" అని. ఎడమ పక్క కిటికీ దగ్గర మీ కుర్చీ ఉంది కదా, సరిగ్గా అక్కణ్ణించే. నేను అటు తిరగలేదు. తిరక్కుండానే, "మీరు పోయారు, కాస్త ఊరుకోండి" అన్నాను. "పోతే మాత్రం కళ్ళు పోయాయా? ఆ వరస వంకరగా పోతోంది" అన్నారు.

వంకరగానే పోతోంది. విప్పి మళ్ళీ వేశాను.

అప్పటి నుంచి రోజూ అదే. నేను ముడేస్తాను, మీరు తిడతారు. "ఇది ముడా, మొటిమా?" "నీ చేతిలో పడే బదులు ఆ వెంట్రుక ఊడి దువ్వెనలో పడినా బాగుపడేది." నేనూ ఊరుకున్నానా? మాటకి మాట ఇచ్చాను. పోయినవాళ్ళకి భయపడేదాన్నయితే బతికుండగా మీతో కాపురం చెయ్యగలిగేదాన్నా?

ఎవరికీ చెప్పలేదు ఈ సంగతి. చెబితే ఇంకేముంది, నన్ను కూడా పట్టుకెళ్ళి వెన్నపూస పక్కన కుర్చీ వేస్తారు!

ఇక మీ పిల్లల సంగతి చెబుతాను వినండి. సిగ్గుపడాలనుంటే పడండి.

మీ అమ్మాయికి మీరు పావురమై వస్తున్నారట. అవునండీ, పావురం! వదిన వంటింటి కిటికీ మీద ఒకటి వాలుతోంది. ఎందుకు వాలదూ? ఈవిడ రోజూ రొట్టె ముక్కలు చల్లుతుంటే పావురమేం ఖర్మ, ఏనుగయినా వాలుతుంది. "అమ్మ తల పక్కకి వంచి నన్నే చూస్తోంది, అచ్చం అలాగే చూసేది" అని కళ్ళు తుడుచుకుంటుంది. పావురాలన్నీ తల పక్కకి వంచే చూస్తాయి వదినా, వాటికి కళ్ళు పక్కన ఉంటాయి అన్నాను. నా గుండె రాయి అంది.

మీకు పావురాలంటే ఎంత అసహ్యమో కన్నకూతురికి గుర్తులేదా? ఉతికి మేడ మీద ఆరేసిన జుట్టంతా రెట్టలు వేశాయని, చీపురు పుచ్చుకుని ఆ మూల నుంచి ఈ మూలకి ఎలా తరిమారు! చివరికి కాలు మడతపడి మంచం ఎక్కారు. మంచం మీంచి కూడా వాటి వంశం మొత్తాన్నీ తిట్టారు. అలాంటి మీరు పావురమై, కూతురు వేసిన రొట్టె ముక్కలు ఏరుకు తింటున్నారట!

మీ అబ్బాయి ఇంకో రకం. ఆయనకి పావురాలు అక్కర్లేదు. సోఫాలో కాళ్ళు బారజాపుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, వెన్నపూస గొంతు వింటాడు. "ఊపిరి పీల్చండి... వదలండి... మీవాళ్ళని ప్రేమగా పిలవండి..." ఈయన పీలుస్తాడు, వదులుతాడు, ఆ తర్వాత గుర్రుపెడతాడు. లేచి కూచుని, "అమ్మ కనిపించింది" అంటాడు. "తెల్లబట్టలేసుకుంది. చుట్టూ వెలుతురు. నవ్వుతోంది."

"నవ్వుతోందా?" అన్నాను.

"ఆఁ. హాయిగా నవ్వుతోంది."

"మీ అమ్మేనా? మొహం సరిగ్గా చూశారా?" అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

అడగడం తప్పా మీరే చెప్పండి. మీరు తెల్లబట్టలు ఏనాడైనా కట్టారా? నల్ల వెంట్రుకలతో పని, తెల్లబట్టల మీద ప్రతి పోగూ కనిపించి చిరాకు అని ముదురు రంగులు తప్ప ముట్టేవారు కాదు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా? వీళ్ళు మీకు కళ్ళే కాదు, మొహమంతా కొత్తది తగిలించారు. విగ్గులు కట్టేది మనం, అతికించేది వీళ్ళు!

సరే, ఆదివారం సంగతికొస్తాను.

నేను వెళ్ళేదాన్ని కాదు. మీ అబ్బాయి బతిమాలాడు. "ఒక్కసారి రావే, అమ్మ నిన్ను అడుగుతోందట" అన్నాడు. అడిగితే ఇక్కడే అడగొచ్చుగా, రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన మొహం చూసి జాలేసింది. వెళ్ళాను.

టైర్ల కొట్టు మీద మేడ అది. కింద టైర్లు విప్పే చప్పుడు, పైన ఆత్మల రాకపోకలు. కిటికీలకి నీలం తెరలు, మూల ఒక ఏసీ, దాని కింద నీళ్ళు పట్టడానికి బకెట్టు. గది నిండా రబ్బరు కంపు. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి, మధ్యలో ఓ కొవ్వొత్తి పెట్టారు. వెన్నపూస వచ్చాడు. వెన్నపూస అంటే ఆయన పేరు కాదులెండి, నేను పెట్టుకున్నది. ఆ గొంతు అలాంటిది. అది విన్నాక చెవులు సబ్బుతో కడుక్కోవాలనిపిస్తుంది.

అందర్నీ కళ్ళు మూసుకోమన్నాడు. నేను మూసుకోలేదు. ఒకళ్ళయినా చూస్తూ ఉండాలిగా.

ఒకాయనకి వాళ్ళ నాన్న వచ్చాడు. బతికుండగా బెల్టు తీసి బాదేవాడట ఆ మహానుభావుడు. ఇప్పుడు "నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉందిరా" అన్నాడట. అంత పెద్ద మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంకొకావిడకి కుక్క వచ్చింది. నవ్వకండి, కుక్కే! "డాక్టరు దగ్గరికి ఆలస్యంగా తీసుకెళ్ళినందుకు నాకేం కోపం లేదు" అందట కుక్క. అంత చక్కగా వాక్యం కట్టి చెప్పిందట.

అక్కడికొచ్చిన పోయినవాళ్ళు ఒక్కళ్ళకీ కోపం లేదత్తయ్యా! అందరూ ప్రశాంతం, అందరూ ప్రేమ. ఒక్కళ్ళయినా "నా కళ్ళజోడు ఎక్కడ తగలేశావు?" అని అడగరు. "నా మంచం మీద ఎవరు పడుకుంటున్నారు?" అనరు. చచ్చిపోవడమంటే బుద్ధి మారిపోవడమని నాకు ఆ రోజే తెలిసింది. ఆ మాత్రం దానికి చావాలా?

నా వంతు వచ్చింది. వెన్నపూస కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "పెద్దావిడ... వేళ్ళతో ఏదో సన్నని పని... చాలా ఓర్పు గల తల్లి..." అని మొదలెట్టాడు. ఓర్పు! మీకు! సన్నని పని సంగతి ఎలా తెలిసిందంటారా? మీ అబ్బాయి వారం వారం వెళ్ళి కక్కొస్తున్నాడుగా ఇంటి గుట్టంతా.

"'నా బంగారుతల్లీ' అంటున్నారు" అన్నాడు.

పక్కకి చూశాను, ఇంకెవరితోనన్నా అంటున్నాడేమోనని. కాదు, నాతోనే. బంగారుతల్లీ! నన్ను మీరు పేరు పెట్టి పిలిచింది ఎప్పుడో ఒకటి రెండుసార్లు, అదీ ఆస్పత్రివాళ్ళు అడిగితే.

"'ఆఖరి రోజు మన మధ్య జరిగింది మర్చిపో తల్లీ. నిన్ను క్షమించాను. నువ్వు మంచి కోడలివి. ఇంక నాకు ఈ లోకంతో పని లేదు, వెళ్ళొస్తాను' అంటున్నారు."

చప్పట్లు. మీ అమ్మాయి భోరుమంది. మీ అబ్బాయి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. "బాబూ, లైను కలిసినట్టు లేదు. మీరు వేరే ఎవరి అత్తగారితోనో మాట్లాడుతున్నారు. ఇంకోసారి చేసి చూడండి" అన్నాను.

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. వెన్నపూసకి మాత్రం కోపం రాలేదు. రాదు కదా, అదే ఆయన ఒంటికి పట్టిన జబ్బు. "కోపం తలుపులు మూసేస్తుందమ్మా, ఆవిడ పాపం తలుపు తడుతున్నారు" అన్నాడు. "మా అత్తయ్య తలుపు తట్టే రకం కాదు బాబూ, తన్నే రకం" అన్నాను. వదిన నన్ను కూలేసినట్టు కూచోబెట్టింది.

దారంతా క్లాసు. "అమ్మ అంత పెద్ద మనసు చేసుకుని వస్తే అవమానిస్తావా?" అని ఆవిడ. "అమ్మకి విముక్తి దొరికింది, నువ్వే పట్టుకుని వేలాడుతున్నావు" అని ఈయన. అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలి కంట నీరొచ్చిందని సామెత ఉండనే ఉందిగా, అదీ దెప్పింది వదిన. "ఇంకా ఆర్నెల్లు కాలేదు వదినా, నాకింకా టైముంది" అన్నాను.

పైకి అలా అన్నాను గానీ, వాడన్న ఆఖరి మాట నాలో గుచ్చుకుంది. "ఈ లోకంతో పని లేదు, వెళ్ళొస్తాను."

మర్నాడు పొద్దున్న ఇక్కడ కూచున్నాను. సూది తీశాను. ఎడమ చెవి పక్కన ఏమీ లేదు.

ఇంతకీ ఏ తప్పుకి క్షమించినట్టు? ఆ ఆఖరి రోజు గొడవేగా? అందులో న్యాయం నాదే! ఇప్పుడూ అదే అంటాను, ఎవరొచ్చి అడిగినా అదే అంటాను. జబ్బు చేసి జుట్టంతా ఊడిపోయిన టీచరమ్మ వచ్చి, తన చిన్ననాటి ఫొటో చూపించి, "ఇలా నల్లగా, నిండుగా కావాలి" అంది. ఆవిడ తల, ఆవిడ ఇష్టం. మీరేమో, "కణతల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు వెయ్యి, నుదుటి అంచు కాస్త ఎగుడుదిగుడుగా వదులు" అన్నారు. "ఆ వయసు మొహానికి అంత కారునలుపు పెడితే చూసేవాళ్ళు జుట్టునే చూస్తారు, ఆవిణ్ణి చూడరు" అన్నారు.

"జబ్బుతో చచ్చి బతికింది ఆవిడ. అద్దంలో చూసుకోగానే తెల్లవెంట్రుకలు కనపడాలా? మీకసలు మనసుందా?" అని నేను. "మనసు గుండెలో ఉండాలి, చేతిలో కన్ను ఉండాలి" అని మీరు. జుట్టూ జుట్టూ పట్టుకోవడం ఒక్కటే తక్కువ. అదీ ఎదురుగా కావలసినంత జుట్టు పెట్టుకుని! మీరు సూది విసిరేసి గదిలోకి పోయారు. నేనూ పలకరించలేదు. పొద్దున లేచి చూస్తే... మీరు లేవలేదు.

గొడవ మధ్యలో లేచిపోవడమేనా పెద్దరికం? ఎవరైనా అలా చేస్తారా? తేల్చుకుని పోవాలి!

టీచరమ్మకి నల్లగానే కట్టిచ్చాను. పెట్టుకుని అద్దంలో చూసుకుని మురిసిపోయింది. అటూ ఇటూ తల తిప్పి తిప్పి చూసుకుంది. గెలిచాను! గెలిచి ఏం లాభం? మీ మొహం చూడాలి కదా అప్పుడు! అయినా మీరు ఓడిపోతేనా? ఆవిడ గుమ్మం దాటగానే ఎడమ చెవి పక్కన, "కాకిని తల మీద కూచోబెట్టుకున్నట్టుంది" అన్నారు. ఆ రోజంతా మళ్ళీ అదే గొడవ. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అదండీ మన గొడవ. రోజూ ఇంత కాస్త రాజేసుకుని చలి కాచుకునేవాళ్ళం. ఆ వెన్నపూస వచ్చి నీళ్ళు చల్లి పోయాడు.

మొదట్లో అనుకున్నాను, అలిగారని. ఆదివారం నేను మిమ్మల్ని అందరి ముందూ తన్నే రకం అన్నాను కదా, అందుకని. నాలుగు రోజులు పోతే ఆవిడే వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. అప్పుడు నాకు భయం పట్టుకుంది అత్తయ్యా. నిజంగా భయమేసింది. ఒకవేళ వాడు చెప్పింది నిజమేమో, మీరు నిజంగానే నన్ను క్షమించేసి, హాయిగా తెల్లబట్టలేసుకుని వెళ్ళిపోయారేమోనని. మీరు నన్ను క్షమించడం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

సరే, నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు. టీచరమ్మ రెండోది కావాలంది, అచ్చం మొదటిదానిలాగే. అదిగో, ఆ చెక్క తల మీద ఉన్నది అదే. దాన్ని ఎరగా పెట్టాను.

ముందు నుదుటి అంచున ఒంటి వెంట్రుక వేయాల్సిన చోట మూడేసి కలిపి ముడేశాను. ఏమీ అనలేదు మీరు. పాపిట దగ్గర ముడులు లావుగా, చీమల బారులాగా వదిలాను. ఊహూఁ. అయితే చూడండని, ఆ పని చేశాను. అదేనండీ. కుదుళ్ళూ కొసలూ కలిపేశాను.

కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే ఒళ్ళో జుట్టు కట్ట పెట్టి నేర్పారు నాకు. వెంట్రుకని రెండు వేళ్ళ మధ్య పట్టి నలిపితే కుదురు వైపుకే జారుతుంది, ఆ వైపు పైకి ఉండాలి, అన్నీ ఒకే దారిన పడాలి అని. నాలుగు వెంట్రుకలు ఎదురు తిరిగినా, రెండు ఉతుకులు పడేసరికి మొత్తం చిక్కుపడి పీచైపోతుంది, మన ఇంట్లో అది హత్యతో సమానం అని. ఒకసారి పొరపాటున చేస్తే జుట్టు దువ్వే మేకుల పలక ఎత్తి విసిరారు నా మీదకి. గోడకి గుంట ఇంకా ఉంది.

అలాంటిది, కావాలని, కళ్ళు తెరిచి, దోసెడు జుట్టు తలకిందులు చేసి, వరస మొత్తం నింపాను. నింపి, సూది కింద పెట్టి, ఎడమ చెవి అటు తిప్పి కూచున్నాను.

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుంటున్నారు. పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది. అంతే.

అప్పుడు నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. మీ మీదా, నా మీదా, ఆ పాడుచేసిన వరస మీదా. పాపం టీచరమ్మ ఏం చేసిందని? సూది పుచ్చుకుని విప్పడం మొదలెట్టాను. విప్పుతుంటే నోరు దానంతటది లేచింది. "కళ్ళు నెత్తికెక్కాయా, నెత్తే లేదా? రోగిష్టి మనిషి తల మీద పెట్టేది ఇదా? గడ్డివాము కట్టడానికైనా పనికొస్తాయా ఈ చేతులు? లేచి పో, పోయి తాళ్ళు పేనుకో! మేకల్ని కట్టేసే తాళ్ళు! అవి కూడా తెంపుకు పోతాయి నీ పనితనానికి!" ఇల్లంతా దద్దరిల్లింది.

తలెత్తి చూస్తే మీ అబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. మొహంలో రక్తం లేదు.

"అమ్మ" అన్నాడు.

అంతే, అక్కడే చతికిలబడి ఏడ్చాడు. ఆదివారాల ఏడుపు కాదది. ఆ ఏడుపులో నవ్వు మొహం ఉంటుంది, ఎవరన్నా చూస్తున్నారా అని చూసుకోవడం ఉంటుంది. ఇది ముక్కు కారే ఏడుపు. మీరు పోయిన రోజు కూడా ఇలా ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి, "ఇంకోసారి అనవే" అన్నాడు.

"ఏమనాలి?"

"ఏదో ఒకటి. నన్ను అను. అమ్మలాగా."

నేనేమన్నానో తెలుసా? "పనీ పాటా లేని వెధవా, వెలుతురుకి అడ్డం లే!" అన్నాను. మొగుణ్ణి! వెధవా అని! అనగానే మీకొచ్చే ఆ చిన్న దగ్గు కూడా వచ్చింది నాకు. ఆయన కళ్ళు తుడుచుకుని, బుద్ధిగా పక్కకి జరిగి కూచున్నాడు. మొహం చూడాలి, పండగే!

ఈ సంగతి నిన్న జరిగింది. ఇవాళ పొద్దున్నే మీ అమ్మాయి దిగింది. పావురం గతి ఏమైందో మరి, దానికి రొట్టె వేసేవాళ్ళు లేరు. చెయ్యి పట్టుకుని, "నన్ను కూడా ఒక్కసారి అనవా? బద్ధకాల మూటా అందోసారి అమ్మ" అని బతిమాలుతోంది. నన్ను! గుండె రాయి అన్న మనిషి! పైగా వెన్నపూసకి ఫోను చేసి చెప్పిందట. "ఆవిడలో అమ్మగారు ప్రవేశించారు" అన్నాడట ఆయన. బోడిగుండుకీ మోకాలికీ ముడేసేవాణ్ణి చూశాను గానీ ఇంత చులాగ్గా వేసేవాణ్ణి చూడలేదు. ఇద్దర్నీ ముందుగదిలోకి తోసి, తలుపు గడియ పెట్టుకుని, ఇదిగో, ఇలా కూచున్నాను మీ ముందు.

కూచుని ఆలోచించాను అత్తయ్యా. ఇన్నాళ్ళూ ఎడమ చెవి పక్కన విన్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. గునపం. మొటిమ. దువ్వెన. కాకి. అన్నీ పాతవే. మీరు బతికుండగా ఎప్పుడో ఒకప్పుడు నన్ను అన్నవే. మీరేమో ఒకసారి తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టే మనిషి కాదు. ఎంగిలి అనేవారు. ఎప్పటికప్పుడు వేడివేడిగా కొత్తది వండి వడ్డించేవారు. మరి చచ్చిపోయాక ఒక్క కొత్త తిట్టు ఎందుకు లేదు?

నిన్నటి తాళ్ళూ మేకలూ ఉన్నాయే, అవి కొత్తవి. అవి మీరెప్పుడూ అనలేదు. అవి నావి.

అర్థమైందా? నాకూ ఇప్పుడే అర్థమవుతోంది. మీ అమ్మాయిని చూసి నవ్వాను, మీ అబ్బాయిని చూసి నవ్వాను, కుక్కని పిలిపించుకున్న ఆవిణ్ణి చూసి కడుపు పట్టుకుని నవ్వాను. వాళ్ళందరికంటే పెద్ద వెర్రిదాన్ని నేను. వాళ్ళు వారానికోసారి వెళ్ళొచ్చేవాళ్ళు. నేను రోజూ దుకాణం తెరిచేదాన్ని.

క్షమించింది మీరు కాదు, అది నాకు మొదట్నుంచీ తెలుసు. పావురం మీరు కాదు. తెల్లబట్టల్లో నవ్వే ఆవిడా మీరు కాదు. బాగానే ఉంది. కానీ ఇన్నాళ్ళూ నన్ను తిట్టింది కూడా మీరు కాదంటే, మరి మీరెక్కడున్నట్టు అత్తయ్యా?

చెప్పకండి. చెప్పరులెండి.

అదిగో, తలుపు బాదుతున్నారు ఇద్దరూ. చంటిపిల్లలు నయం. వస్తున్నా, వస్తున్నా! ఆ తలుపు విరగ్గొడితే మీ బాబు వచ్చి పెడతాడా కొత్తది?

వెళ్తాను. వెళ్ళి చెరో నాలుగూ తిట్టొస్తాను. మీ పిల్లల్ని ఎవరో ఒకరు తిట్టాలిగా.